గుట్ట మీది గూడెంలో టీచర్ ఉద్యోగం: రోజూ వెళ్లి రావచ్చా, అక్కడే ఉండాలా?

మీరు కాగజ్‌నగర్‌లో పుట్టి పెరిగారు. ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచర్‌గా కొత్తగా ఉద్యోగం వచ్చింది. తిర్యాణి మండలంలో గుట్ట మీద ఉన్న చిన్న గూడెంలో ఒకే టీచర్ ఉండే బడి ఇచ్చారు. రోజూ బండి మీద వెళ్లి రావచ్చా, లేక అక్కడే ఉండాలా, ఉంటే నీళ్లు, కరెంటు, బాత్రూం, జ్వరాలు, భాష, ఆడపిల్ల ఒంటరిగా ఉండటం సంగతేమిటి అని అడిగారు. ఇంట్లో అమ్మానాన్నలకు టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

ముందు జవాబు చెప్తాను. ఉండగలరు, హాయిగానే ఉండగలరు. కానీ కాగజ్‌నగర్ నుంచి రోజూ వెళ్లి వస్తానంటే మాత్రం కుదరదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా గూడెంలోనే ఉండాలి, లేదంటే మీకూ బడికీ మధ్య వాగు అడ్డం రాని ఊళ్లో ఉండాలి. మిగతా నెలల్లో మండల కేంద్రంలో గది తీసుకుని వెళ్లి రావచ్చు. నేను ఈ కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలోనే తిర్యాణి, కెరమెరి, లింగాపూర్, సిర్పూర్-యు వైపు బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

దూరం ఎంత అని కిలోమీటర్లు లెక్కపెట్టుకుని చాలామంది మోసపోతారు. మ్యాప్‌లో చూస్తే దగ్గరే అనిపిస్తుంది. అసలు లెక్క కిలోమీటర్లది కాదు, ఒర్రెలది, అంటే గుట్టల మీంచి దిగే చిన్న వాగులది. తారు రోడ్డు దిగాక మీ గూడెం చేరేలోపు ఎన్ని ఒర్రెలు దాటాలి, వాటిలో ఎన్నింటికి వంతెన ఉంది, ఈ రెండూ కనుక్కోండి. గుట్టల మీద గంటసేపు గట్టి వాన పడితే మోకాలి లోతు ఒర్రె నడుము లోతవుతుంది. మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా పైన వాన పడి నీళ్లు దిగి రావచ్చు. పొద్దున దాటిన ఒర్రెను సాయంత్రం దాటలేని రోజులు వానాకాలంలో తరచూ వస్తాయి. నీటి రంగు మట్టిగా మారి, చెత్తాచెదారం కొట్టుకొస్తుంటే అడుగు పెట్టకండి. గూడెం వాళ్లు దాటుతున్నారు కదా అని మీరూ దిగొద్దు. వాళ్లకు అడుగున ఏ రాయి ఎక్కడుందో తెలుసు. ఆ పూట వెనక్కి వెళ్లి గూడెంలోనే పడుకోవాలి. అందుకే వానాకాలంలో అక్కడ మీకంటూ ఒక గది, ఒక మంచం ఉండాలంటున్నాను.

రెండో కారణం పిల్లలు. టీచర్ ఈ రోజు వస్తుందో రాదో తెలియని బడికి పిల్లలు రారు. ఒక్క వారం బడి సరిగ్గా తెరవకపోతే పెద్ద పిల్లలు పశువుల వెంట వెళ్తారు, చిన్నవాళ్లు అమ్మతో చేనుకు వెళ్తారు. మళ్లీ వాళ్లను బడికి అలవాటు చేయడానికి నెల పడుతుంది. టీచర్ గూడెంలోనే ఉంటే, పొద్దున మీ ఇంటి ముందే పిల్లలు గుమిగూడతారు. పిలవాల్సిన పనే ఉండదు.

ఇక గది సంగతి. గూడెంలో అద్దె ఇల్లు అన్న మాట ఉండదు. ముందు పటేల్ దగ్గరికి వెళ్లండి. గ్రామ సర్పంచ్ వేరు, గూడెం పటేల్ వేరు. ఊరి పెద్దగా మాట చెల్లేది పటేల్‌కే. మీ నాన్నగారినో అన్ననో తోడు తీసుకుని వెళ్లి, "రామ్ రామ్" అని పలకరించి, బడికి కొత్తగా వచ్చిన టీచర్‌నని చెప్పండి. ఉండటానికి చోటు వాళ్లే ఆలోచిస్తారు. అంగన్‌వాడీ టీచర్ ఇంటి పక్కనో, ఆశా కార్యకర్త ఇంటి పక్కనో గది దొరికితే అంతకన్నా మంచిది లేదు. దగ్గర్లో బాలికల ఆశ్రమ పాఠశాల ఉంటే అక్కడి మేడమ్‌లతో కలిసి ఉండే వీలుందేమో కనుక్కోండి.

భద్రత గురించి మీ అమ్మగారికి ఈ మాట నా మాటగా చెప్పండి. గూడెంలో ఒంటరి ఆడపిల్లకు భయం తక్కువ. పటేల్ మాట ఇచ్చి చోటు చూపించాక మీరు ఆ ఊరి మనిషే. రాత్రి మీ గది బయట ఎవరో ఒక ముసలమ్మ పడుకోవడానికి వస్తుంది, వద్దన్నా వస్తుంది. జాగ్రత్త పడాల్సింది గూడెంలో కాదు, దారిలో. సాయంత్రం చీకటి పడ్డాక ఘాట్ దారిలో ఒంటరిగా బండి మీద రాకండి. తెలియని ఆటో ఎక్కకండి. బండి పంక్చరైతే సాయం దొరకదు, ఫోన్ కలవదు. సాయంత్రం ఆలస్యమైతే ప్రయాణం రేపటికి వాయిదా వేసుకోండి.

నీళ్లు. ఇది సిగ్గుపడకుండా, మొహమాటపడకుండా మొదటి రోజే చూసుకోవాల్సిన విషయం. నల్లా ఉందా అని కాదు, నల్లాలో ఏప్రిల్‌లో నీళ్లు వస్తాయా అని అడగండి. ఎత్తు మీద ఉన్న గూడేలకు నీళ్లు ఎక్కించాలంటే మోటారు పనిచేయాలి, కరెంటు ఉండాలి, పైపు పగలకుండా ఉండాలి. వీటిలో ఏది ఆగినా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని గుట్ట దిగుతారు. ఎండాకాలంలో ఒర్రెలో చెలిమె తీసి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, గిన్నెతో తోడుకుని వస్తారు. చెలిమె నీళ్లు చూడటానికి తేటగా ఉంటాయి కానీ మీరు కాచి చల్లార్చి, వడగట్టి తాగండి. వానాకాలం మొదటి వారాల్లో బావి నీళ్లూ అంతే. నేను ఏ బడిలో ఉన్నా పిల్లల కోసం ఒక పెద్ద గిన్నెలో నీళ్లు కాచి పెట్టేదాన్ని. వంట చేసే అమ్మకు అలవాటు చేస్తే అది రోజువారీ పనైపోతుంది.

బాత్రూం బడిలో ఉంటుంది, కానీ నీళ్లు ఉండకపోవచ్చు, తలుపు ఉండకపోవచ్చు. చేరిన వారంలోనే పంచాయతీ కార్యదర్శికి కాగితం మీద రాసివ్వండి. తలుపు, గడియ, నీళ్ల తొట్టి, ఈ మూడూ అడగండి. ఇది మీకోసమే కాదు. నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు బడి మానడానికి ఇదీ ఒక కారణం.

కరెంటు ఉంటుంది, గాలి వాన వస్తే పోతుంది, ఒక్కోసారి రెండు మూడు రోజులు రాదు. సోలార్ లైటు, టార్చి, పవర్ బ్యాంక్ కొనుక్కోండి. ఫోన్ సిగ్నల్ గూడెంలో ఏదో ఒక చెట్టు కిందో, బండ మీదో దొరుకుతుంది. ఆ చోటు పిల్లలకు తెలుసు.

చలిని మాత్రం తక్కువ అంచనా వేయకండి. కాగజ్‌నగర్ చలి వేరు, అక్కడి చలి వేరు. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో మీ మండలంలోని గిన్నెధరి, దానికి పైన సిర్పూర్-యు తరచూ ఉంటాయి. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గరికి దిగే రోజులుంటాయి. గూన పెంకుల ఇంట్లో, తడక గోడల సందుల్లోంచి చలి లోపలికి వస్తుంది. మందపాటి రగ్గులు రెండు తీసుకెళ్లండి. ఆ నెలల్లో పిల్లలు చలికాగుతూ ఆలస్యంగా వస్తారు. కోప్పడకండి, చాలామందికి స్వెట్టర్ ఉండదు. ఎండలో కూర్చోబెట్టి మొదటి పాఠం చెప్పండి.

ఆరోగ్యం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే గుట్టల మీద ప్రాణాలు పోయేది ఇక్కడే. వానాకాలంలో జ్వరం వస్తే అది మలేరియా కావచ్చన్న అనుమానంతోనే మొదలుపెట్టండి. జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త దగ్గర వేలి మీద చుక్క రక్తంతో పరీక్ష చేయించండి. కిట్ ఆమె దగ్గరే ఉంటుంది. ఫాల్సిపారం రకమైతే ఆలస్యం చేస్తే మెదడుకు ఎక్కుతుంది. మీరూ దోమతెరలోనే పడుకోండి, మంచం మీదే పడుకోండి. మంచం అని ఎందుకంటున్నానంటే కట్లపాము. అది రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు నొప్పి పెద్దగా ఉండదు, నిద్రలో తెలియదు కూడా. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలైతే పాముకాటేమోనని అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో గట్టిగా బిగించి కట్టడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి చేర్చాలి. అది ఏ ఆసుపత్రిలో ఉంటుందో ఇప్పుడే కనుక్కుని నంబర్లు గోడ మీద రాసిపెట్టుకోండి. గూడెం వాళ్లు దేవరిని, అంటే వాళ్ల పూజారిని పిలుస్తారు, మంత్రం వేయిస్తారు. దాని మీద గొడవపడితే సమయం పోతుంది, నమ్మకమూ పోతుంది. నేను దేవరిని కూడా బండి ఎక్కమనేదాన్ని. ఆయన మంత్రం దారి పొడవునా సాగేది, బండి ఆసుపత్రి వైపు సాగేది. ఎవరూ కాదనలేదు.

ఇంకొకటి, సికిల్ సెల్. గోండు, కొలాం కుటుంబాల్లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లక్షణం వస్తేనే బిడ్డకు జబ్బుగా బయటపడుతుంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. నా తరగతిలో ఒక అబ్బాయి చలికాలం రాగానే కాళ్లు నొప్పులని కూర్చునేవాడు, ఆటలకు లేచేవాడు కాదు, కళ్లు పచ్చగా ఉండేవి. బద్ధకమని ఇంట్లోనూ తిట్టేవారు. నర్సమ్మతో మాట్లాడి రక్త పరీక్ష చేయిస్తే సంగతి తెలిసింది. అలాంటి పిల్లలకు నీళ్లు ఎక్కువ తాగించాలి, చలి తగలనీయకూడదు, ఎండలో పరుగులు పెట్టించకూడదు, జ్వరమొస్తే ఇంటి దగ్గర ఉంచకూడదు. 2023లో కేంద్రం దీని కోసం ప్రత్యేకంగా ఒక మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు ఉచితం. మీ బడికి పరీక్షల బృందం వచ్చే రోజు ఒక్క పిల్లాడు కూడా తప్పిపోకుండా చూడండి.

గర్భిణుల విషయంలో టీచర్‌గా మీరు చేయగలిగింది ఒకటుంది. నెలలు నిండుతున్న వాళ్లు వానాకాలంలో ఒర్రె ఇవతలి చుట్టాల ఇంటికో, ఆసుపత్రి దగ్గరికో ముందే చేరేలా ఆశా కార్యకర్తతో కలిసి చెప్పండి. నొప్పులు మొదలయ్యాక మంచం మీద మోసుకుని ఒర్రె దాటడం ఎంత నరకమో చూసినవాళ్లకే తెలుస్తుంది.

భాష గురించి. ముందు మీది గోండు గూడెమో కొలాం గూడెమో తెలుసుకోండి. గోండీ, కొలామీ రెండూ వేరు వేరు భాషలు. కొలాం పిల్లలకు ఇంట్లో కొలామీ, బయట గోండీ, కొంత మరాఠీ వినిపిస్తాయి. తెలుగు వాళ్లకు నాలుగో భాష కావచ్చు. ఒకటో తరగతి పిల్ల మాట్లాడకపోతే తెలివి తక్కువని అనుకోకండి. నాకు అలాంటి ఒక పాప ఉండేది, వర్షాకాలమంతా నోరు విప్పలేదు. ఐదో తరగతి చదివే వాళ్ల అక్కను పక్కన కూర్చోబెట్టి, నేను తెలుగులో చెప్పింది ఆ అక్క గోండీలో చెప్పేలా పెట్టాను. పత్తి ఏరే కాలం వచ్చేసరికి ఆ పాపే ఇంకొకరికి చెప్పడం మొదలుపెట్టింది. మీరూ రోజుకు నాలుగు మాటలు పిల్లల దగ్గర నేర్చుకోండి. వాళ్లు మీకు గురువులయ్యే ఆ పది నిమిషాలు బడిని మార్చేస్తాయి. లెక్కలకు చింతగింజలు, ఇప్పగింజలు వాడండి. పత్తి తూకం చూసి పెరిగిన పిల్లలు కాబట్టి కిలోలు, క్వింటాళ్లు, ధరలతో లెక్క ఇస్తే ఇట్టే చేస్తారు.

మీకంటే ముందు ఈ పని చేసినవాళ్లున్నారు. నిజాం మీద పోరాడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక, నిజాం ప్రభుత్వ కాలంలోనే మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ ఇక్కడి గోండుల మధ్య ఉండి పనిచేశారు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండీ, కొలామీతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల బోధన పెట్టారు. ఆ వాచకాలు పాత బడుల బీరువాల్లో ఇంకా ఉంటాయి, ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలోనూ అడగండి. దొరికితే వదలకండి.

హాజరు ఎప్పుడు పడిపోతుందో ముందే తెలిస్తే పాఠాలు సర్దుకోవచ్చు. అక్టోబర్ నుంచి పత్తి ఏరడం. దీపావళికి ముందు గోండుల నాట్యాల పండుగ దండారీ మొదలవుతుంది. నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీ నాట్యగాళ్లు వస్తారు, ఒక ఊరు ఇంకో ఊరికి అతిథిగా వెళ్తుంది, ఆ రోజుల్లో ఇళ్లే ఖాళీగా ఉంటాయి. ఆ కిరీటాన్ని వాళ్లు దైవంగా చూస్తారు, ఫోటో కోసం ముట్టుకోకండి. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, పొద్దున్నే పిల్లలు అడవిలో ఉంటారు. ఆ నెలల్లో బడి కాస్త ముందుకో వెనక్కో జరపడం గురించి తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడండి, పైవాళ్లకు చెప్పి చేయండి. దండారీకి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. ఇప్పసారా ఇస్తే, తాగనని చేతులు జోడించి చెప్తే చాలు, ఎవరూ తప్పు పట్టరు. భోజనం మాత్రం వద్దనకండి. జొన్న గట్క, పప్పు, అడవి కూర పెడతారు. ఉన్నదాంట్లోంచి పెట్టేది కాబట్టి వదిలిపెట్టకుండా తినండి.

మీ చేతిలో పుస్తకం, పెన్ను చూసి మొదట్లో కొందరు వెనకడుగు వేస్తారు. దానికి కారణం ఉంది. ఈ గుట్టల్లో కాగితం పట్టుకుని వచ్చిన మనిషి ఎక్కువసార్లు భూమి కోసమే వచ్చాడు. జల్, జంగల్, జమీన్ (నీళ్లు, అడవి, భూమి) అన్న కొట్లాట ఇక్కడ పాతబడలేదు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగు చేస్తున్నవాళ్లకు అటవీ హక్కుల చట్టం పట్టా ఇస్తుంది. 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. వచ్చినవాళ్లున్నారు, రానివాళ్లూ ఉన్నారు. మీ దగ్గరికి కాగితాలు తెస్తారు. చదివి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బ్యాంకు పాస్‌బుక్ కూడా అంతే. సావుకారు దగ్గర ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు అన్నది తెల్ల కాగితం మీద రాసి చూపించండి. కానీ ఎవరి అప్పుకూ జామీను సంతకం పెట్టకండి, భూమి తగాదాలో ఎవరి పక్షానా సాక్షిగా నిలబడకండి. టీచర్ అందరి మనిషిగా ఉంటేనే అందరి పిల్లలూ వస్తారు.

చివరి తరగతి పిల్లల మీద కన్నేసి ఉంచండి. గూడెం బడి ఐదుతో అయిపోతుంది, తర్వాత ఆశ్రమ పాఠశాలలో హాస్టల్. బడి మానేసేది ఎక్కువగా ఆ మలుపులోనే. హాస్టల్‌లో చేరిన రెండు వారాలకే గోడ దూకి, అడవిలో నడుచుకుంటూ ఇంటికొచ్చిన పిల్లలను నేను ఎరుగుదును. చదువు రాక కాదు, దిగులుతో వస్తారు. ఏప్రిల్‌లో బడి మూయకముందే తల్లిదండ్రులతో కలిపి ఆ హాస్టల్ చూపించుకు రండి. ఒకే గూడెం పిల్లలు ఇద్దరు ముగ్గురు ఒకే చోట చేరేలా చూడండి. చేరాక మొదటి నెలలో ఒకసారి వెళ్లి కలవండి.

ఎవరికి ఈ ఊరు వద్దంటానంటే, చంటిబిడ్డ ఉన్నవాళ్లకు, నెలనెలా ఆసుపత్రికి వెళ్లాల్సిన జబ్బున్నవాళ్లకు. అలాంటి కారణం మీకుంటే చేరకముందే అధికారులకు కాగితాలతో చెప్పుకోండి, అందులో తప్పు లేదు. అలాంటిదేమీ లేకపోతే వెళ్లి చేరండి. వెళ్లేముందు రెండు నెలలకు సరిపడా మందులు, గ్లూకోజ్, ఓఆర్‌ఎస్, దోమతెర, రగ్గులు, సోలార్ లైటు, గట్టి చెప్పులు సర్దుకోండి. బియ్యం, పప్పు, నూనె జూన్ మొదటి వారంలోనే పైకి చేర్చండి. కూరగాయలు అంగడి రోజున తెచ్చుకోవచ్చు, కానీ వాన పట్టిన వారం అంగడికి దిగలేరు, అందుకని ఎండు వరుగులు, చింతపండు, పచ్చడి దగ్గర ఉంచుకోండి.

మీ గూడెం మంగి వైపా, గిన్నెధరి వైపా రాయండి. ఆ దారిలో నాకు తెలిసిన ఒర్రెలు ఏవో, వానాకాలంలో ఎటు చుట్టి వెళ్లవచ్చో చెప్తాను.